తొమ్మిదణాల వేడి

పట్టుచీరల వ్యాపారి చంద్రశేఖర్ ఆ పట్టునూలు చిలపను ఎండలోకి ఎత్తి పట్టుకుని అటు తిప్పి, ఇటు తిప్పి, చివరికి తన తెల్లచొక్కా మీద ఆనించుకుని చూశాడు.

"ఇది ఎరుపా సంజీవప్పా?" అన్నాడు.

సంజీవప్ప తడి చేతులు పంచెకు తుడుచుకుంటూ దగ్గరికొచ్చాడు. ధర్మవరంలో పట్టునూలుకు రంగులు వేసేవాళ్ళకు కొదవ లేదు గానీ, పెళ్ళిచీరల ఎరుపు అంటే ఆ వీధిలో నలుగురూ చెప్పేది సంజీవప్ప పేరే. పండుమిరపకాయను విరిచినప్పుడు లోపల కనిపించే ఎరుపు అది. ఇప్పుడు చంద్రశేఖర్ చేతిలో ఉన్న చిలప ఒక కొస అలాగే ఉంది, రెండో కొస ఉతికి ఉతికి వెలిసిపోయిన రవికెలా ఉంది.

"కొంచెం తగ్గినట్లుండాది" అన్నాడు సంజీవప్ప.

"కొంచెమా? బానలోకి తొంగి చూడు. రంగంతా నీళ్ళలోనే ఉండాది. నూలుకు పట్టిందెంత?"

రాగిబానలో నీళ్ళు ఇంకా చిక్కటి ఎరుపుగానే ఉన్నాయి. రంగు సరిగా పట్టిందంటే ఆ నీళ్ళు తేటపడాలి. అడుగున రాగి కనిపించాలి. ఆ సంగతి చంద్రశేఖర్‌కు నేర్పింది కూడా సంజీవప్పే.

"హీటరు పెట్టినప్పట్నుంచే ఇట్లయితాండాది శేఖరా. కట్టెల పొయ్యి మీద ఎప్పుడన్నా ఇట్లయిందా?"

"ఆడలేక మద్దెల ఓడన్న్యాడంట ఎవడో. బిగిచ్చిన పొద్దు ఇదే హీటరు మీద నిప్పు మాదిరి ఎరుపు తీసినావు కదప్పా! ఆ పొద్దు లేని రోగం ఇప్పుడు యాడ్నుంచి వచ్చె?"

హీటరు బిగించిన రోజు నిజంగానే రంగు అద్భుతంగా వచ్చింది. పొగ పోయిందని పక్కింటివాళ్ళు సంతోషించారు, కట్టెల బెడద పోయిందని చంద్రశేఖర్ సంతోషించాడు, కళ్ళు మండడం లేదని సంజీవప్ప కూడా సంతోషించాడు. మరుసటి రోజు నుంచే మొదలైంది ఈ పీడ.

చంద్రశేఖర్ గొంతు తగ్గించాడు. చెడ్డవాడేం కాదు. కోపం గొంతులోనే ఉంటుంది, కిందికి దిగదు.

"నీ కండ్లు తగ్గినాయి సంజీవప్పా. తప్పేం గాదులే, వయసు. సోమవారం నుంచి నూలు బయటి డైయింగుకి పంపిస్తా. నువ్వు ఉతికేది, ఆరేసేది చూసుకో. కూలి ఏం తగ్గియ్యను."

తిట్టి ఉంటే బాగుండేది. కూలి తగ్గించనన్న ఆ మాటే సంజీవప్పను కుంగదీసింది. అప్పుడే హిందూపురం నుంచి రైలు దిగి, నాయనను ఇంటికి పిలుచుకుపోదామని వచ్చిన కూతురు మాధవీలత వాకిట్లోనే నిలబడి ఇదంతా విన్నది. లోపలికి వచ్చి గొడవ పెట్టుకుందామనుకుంది గానీ, నాయన ముఖం చూసి ఊరుకుంది.

రాత్రి అన్నం ముందు కూర్చున్న సంజీవప్ప, తీగ మీద ఆరేసిన కూతురి చున్నీ వంక చాలాసేపు చూశాడు.

"అది ఏం రంగమ్మా?"

"నెమలికంఠం, నాయనా."

"నాకూ అదే కనిపిస్తాండాది" అని ముద్ద కలుపుకుంటూ, "అయినా ఏమో తల్లీ" అన్నాడు.

మాధవీలత కంచం పక్కకు జరిపింది. పని పోతే ఇంకో పని చూసుకోవచ్చు. ఈ మనిషి తన కళ్ళనే అనుమానించుకుంటున్నాడు. తనకు ఊహ తెలిసినప్పటి నుంచి ఏ రంగు చూసినా ఒకటికి రెండోసారి చూడని మనిషి. ఆమెకు ఏడుపొచ్చింది, దాని వెనకాలే మండిపోయేంత కోపమూ వచ్చింది. ఆ కోపమంతా హీటరు అమ్మిన అంగడివాడి మీదికి మళ్ళించుకుని పడుకుంది.

*

పొద్దున ప్యాసింజరు రైలులో కూడా ఆ కోపం చల్లారలేదు. మాధవీలత ఎలక్ట్రికల్ డిప్లొమా చదివి, హిందూపురంలో మోటార్లు తయారుచేసే ఫ్యాక్టరీలో పనిచేస్తోంది. అదే ఫ్యాక్టరీలో మెయింటెనెన్సు చూసే పౌలు పెనుకొండలో ఎక్కుతాడు. జుట్టు సగం నెరిసిన మనిషి. ఎక్కగానే కిటికీ పక్కన కూర్చుని టిఫిన్ డబ్బా తెరవడం, చెనిక్కాయల పొడి వాసన పెట్టెంతా కమ్ముకోవడం రోజూ జరిగేదే.

"ఏమ్మా, మొగం అట్ల పెట్టుకున్న్యావు? కొండ మీద కోట గానీ కూలిపోయిందా?" అన్నాడు.

మాధవీలత జరిగినదంతా చెప్పింది. చెప్పి, "ఆ హీటరు బోగస్‌ది పౌలన్నా. మూడు వేల వాట్లని దానికి అతికిచ్చిన బిళ్ళ మీద కొట్టినాడు. లోపల చూస్తే దాంట్లో సగం కూడా ఉండదు. దొంగనాయాలు, మా నాయన కండ్లకి ఎసరు పెట్టినాడు" అంది.

పౌలు ఇడ్లీ తుంచబోయి ఆగాడు. "కొలిసినావా?"

"ల్యా."

"మరి ఎట్ల చెప్తావు? మీ శేఖరన్న కొలవకుండానే మీ నాయన కండ్లు పోయినాయన్న్యాడు. నువ్వు కొలవకుండానే అంగడాయన దొంగ అంటాండావు. ఇద్దరికీ తేడా ఏముందమ్మా?"

మాధవీలత కిటికీ వైపు తిరిగింది. కోపమూ వచ్చింది, సిగ్గూ వచ్చింది.

"అలిగితే ఓల్టేజీ పెరగదు. ఇటు చూడు" అని పౌలు డబ్బా పక్కన పెట్టాడు. "రెండే రెండు కొలతలు. హీటరు దగ్గర ఓల్టు ఎంతుందో చూడు. వైరులో ఆంపియరు ఎంత పోతాందో చూడు. మొదట ఓల్టును ఆంపియరుతో భాగించు. అది హీటరు నిరోధం. హీటరు మంచిదో చెడ్డదో అది చెప్తాది. తర్వాత రెండిట్నీ గుణించు. అది వాట్లు. హీటరు ఎంత పని చేస్తాందో అది చెప్తాది. మంచోడు కూడా కడుపు కాలితే పని చెయ్యలేడు. రెండూ వేరే వేరే సంగతులు."

ఇవి ఆమెకు తెలియనివి కావు. డిప్లొమాలో ఇలాంటి లెక్కలు వందలు చేసింది, మార్కులూ తెచ్చుకుంది. కానీ ఆ లెక్కల్లో ఓల్టేజీ ఎప్పుడూ రెండు వందల ముప్పైయే. ప్రశ్నలోనే ఇచ్చేవారు. దాన్ని కొలవాలనే ఆలోచన ఎవరికీ రాలేదు, ఆమెకూ రాలేదు.

సాయంత్రం డ్యూటీ దిగేటప్పుడు పౌలు తన టాంగ్ టెస్టర్ తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు. కరెంటు పోయే వైరును పటకారులా పట్టుకుంటే ఆంపియర్లు చెప్పే పరికరం. దాన్ని ఆయన సొంత అన్నదమ్ములకు కూడా ఇవ్వడని ఫ్యాక్టరీలో పేరు.

"కింద పడేస్తే సోమవారం నాకు మొగం చూపియ్యాకు" అన్నాడు.

*

ఆదివారం మాధవీలతకు సెలవు, మగ్గాలకు కాదు. ఆ వీధిలో మగ్గాలకు ఆదివారం, పండగ తేడా లేదు. అవి ఆగేది అమావాస్య నాడే. చంద్రశేఖర్ పెరటి గోడకు అవతల షెడ్డులో మరమగ్గాలు దడదడమంటూ నడుస్తున్నాయి. ఆ చప్పుడుకు అలవాటుపడి ఇక్కడివాళ్ళు మామూలుగా మాట్లాడినా అరిచినట్టే ఉంటుంది.

చంద్రశేఖర్ తల్లి సుబ్బమ్మవ్వ మంచం మీద కూర్చుని అనపకాయలు ఒలుస్తోంది. మాధవీలత టెస్టర్ బయటికి తీయగానే ఆమె చేతులు ఆగాయి.

"అదేందే, కోడిని పట్టే కొక్కెం మాదిరి ఉండాది?"

"కరెంటును కొలుస్తాది అవ్వా."

"నేను చెప్తాండా, కొలిచేది ఏం లేదు. అమావాస్య నాడు బిగిచ్చద్దురా అని మొత్తుకున్న్యా. విన్న్యాడా? మగ్గాలు ఆగుంటాయి, మనుషులు దొరుకుతారని తెచ్చి బిగిచ్చె. అనుభవించమను."

"అమ్మా, నువ్వూరుకో" అన్నాడు చంద్రశేఖర్. అతను చేతులు కట్టుకుని స్తంభానికి ఆనుకున్నాడు. వద్దనలేదు గానీ, ఇదేదో తేలే వ్యవహారమని నమ్మినట్టూ లేదు. సంజీవప్ప మాత్రం దూరంగా తొట్టి దగ్గర నూలు ఉతుకుతూ ఇటు చూడనే లేదు.

మాధవీలత హీటరు స్విచ్చి వేసింది. ఎర్రలైటు వెలిగింది. టెస్టర్ నోరు తెరిచి కేబులును పట్టించింది. సున్నా.

"సున్నానా? కరెంటే పోలేదంటాందా ఇది?" అని చంద్రశేఖర్ నవ్వాడు. అవ్వ కూడా నవ్వింది.

మాధవీలత చెవులు ఎర్రబడ్డాయి. పోయే వైరునూ వచ్చే వైరునూ కలిపి పట్టించింది. రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. మొదటి సంవత్సరం పిల్లలు చేసే తప్పు. స్విచ్చి ఆపి, కేబులు పైపొర విప్పి, లోపలి వైర్లలో ఒక్కదాన్నే వేరుచేసి, మళ్ళీ స్విచ్చి వేసి పట్టించింది. ఈసారి అంకె నిలబడింది. తొమ్మిది పాయింటు ఎనిమిది ఆంపియర్లు. తర్వాత అదే టెస్టర్ తీగలు రెండూ ప్లగ్గు దగ్గర గుచ్చి ఓల్టేజీ చూసింది. నూట డెబ్భై రెండు.

నేల మీద చాక్‌పీసుతో భాగించింది. పదిహేడున్నర ఓములు వచ్చింది. ఆ తర్వాత హీటరు బిళ్ళ మీద ఉన్న అంకెలతో లెక్క కట్టింది. రెండు వందల ముప్పై ఓల్టులకు మూడు వేల వాట్లంటే పదమూడు ఆంపియర్లు. భాగిస్తే మళ్ళీ పదిహేడున్నరకు రవ్వంత పైన.

ఆమె చాక్‌పీసు పట్టుకుని అలాగే కూర్చుండిపోయింది. హీటరు మంచిదే. అంగడాయన అబద్ధమాడలేదు. ఆ మనిషిని రెండు రోజులుగా ఎన్ని తిట్లు తిట్టుకుందో తలచుకుని మనసులోనే చెంపలు వేసుకుంది. కానీ అంతకంటే పెద్ద చిక్కు ముందుంది.

"అంటే హీటరులో ఏం లోపం లేదు" అన్నాడు చంద్రశేఖర్. "నేను మొదట్నుంచీ చెప్తాండేది అదే కదమ్మా."

తొట్టి దగ్గర నీళ్ళ చప్పుడు ఆగింది. సంజీవప్ప తల వంచుకునే ఉన్నాడు. మాధవీలత తెచ్చిన కొలత తన నాయన మీదికే తిరిగింది. అప్పుడు పౌలు చెప్పిన రెండో సగం గుర్తొచ్చింది. గబగబా గుణించింది. నూట డెబ్భై రెండు, తొమ్మిది పాయింటు ఎనిమిది. వెయ్యిన్నీ ఆరు వందల ఎనభై అయిదు.

"శేఖరన్నా! హీటరు మంచిదే. కానీ దానికి తిండి లేదు. మూడు వేల వాట్లు పనిచెయ్యాల్సింది పదహారు వందల ఎనభై అయిదే చేస్తాండాది."

"వాట్లు గీట్లు నాకు తెలీదు. అణాల్లో చెప్పు" అంది అవ్వ.

మాధవీలత ఒక్క క్షణం లెక్క వేసి, "రూపాయికి తొమ్మిదణాలు అవ్వా. పదహారణాల వేడి రావాల్సిన చోట తొమ్మిదణాలే వస్తాండాది" అంది.

చంద్రశేఖర్ స్తంభాన్ని వదిలి దగ్గరికొచ్చాడు. తెలివైన వ్యాపారి, అంత సులభంగా ఒప్పుకోడు. "రెండు వందల ముప్పైకి నూట డెబ్భై రెండంటే నాలుగణాలే కదా తగ్గింది? వేడి ఏడణాలు ఎట్ల పోతాది?"

"ఓల్టు తగ్గితే దాని ఎంబడే ఆంపియరూ తగ్గుతాది అన్నా. అదీ పన్నెండణాలే, ఇదీ పన్నెండణాలే. రెండిట్నీ గుణిస్తాం కదా, అందుకే దెబ్బ రెండుసార్లు తగుల్తాది."

చంద్రశేఖర్ వేళ్ళ మీద ఏదో వేసుకున్నాడు. ముఖం కొంచెం మారింది. కానీ మళ్ళీ తన పాత ప్రశ్నకే వచ్చాడు. "మరి బిగిచ్చిన పొద్దు? ఆ పొద్దు ఎట్ల వచ్చింది ఎరుపు?"

సరిగ్గా అప్పుడే గోడ అవతల అన్నాల వేళయింది. మగ్గాలు ఒక్కొక్కటే ఆగిపోయాయి. పెరడంతా చెవులు గింగురుమనేంత నిశ్శబ్దం. ఆగిన ఒక్కో మగ్గంతో పాటే మాధవీలత చేతిలో టెస్టర్ చూపే ఓల్టేజీ అంకె తనంతట తానే పైకి ఎక్కుతూ వచ్చింది. నూట తొంభై. రెండు వందల పది. రెండు వందల ఇరవై ఎనిమిది దగ్గర ఆగింది.

ఆమె వైరును మళ్ళీ పట్టించింది. పదమూడు ఆంపియర్లు. భాగిస్తే అదే పదిహేడున్నర. గుణిస్తే మూడు వేలకు కాస్త తక్కువ. బానలో అప్పటిదాకా నీరసంగా ఉన్న నీళ్ళు సుయ్‌మని గొంతెత్తాయి.

"అమావాస్య!" అని అరిచింది మాధవీలత. "ఆ పొద్దు అమావాస్య అన్నా! వీధిలో ఒక్క మగ్గం తిరగలే! కరెంటంతా మనకే వచ్చింది!"

"చెప్పలే నేను?" సుబ్బమ్మవ్వ అనపకాయల చేట పక్కకు తోసి లేచి నిలబడింది. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే మనిషికి నాలుగో కాలు కూడా దొరికినంత సంబరం. "అంతా అమావాస్య మహిమే అని చెప్పలే?"

"అవ్వా, అమావాస్య మంచిదే. మిగిలిన దినాలే చెడ్డవి!"

"ఏదో ఒకటి. నా మాటే కదా నిజమయ్యింది."

చంద్రశేఖర్ పకపకా నవ్వాడు. నవ్వుతూనే తొట్టి వైపు చూసి నవ్వు ఆపేశాడు. సంజీవప్ప బాన దగ్గరికి వచ్చి వంగి నీళ్ళలోకి చూస్తున్నాడు.

"నూలు ఎప్పుడు దించుతావు నాయనా?" అని అడిగింది మాధవీలత.

"మీను కండ్లు లేచినాక." చేప కళ్ళంతేసి సన్నబుడగలు లేవడమే నీళ్ళు సిద్ధమైనట్టు గుర్తు. "ఇదో, హీటరు చుట్టూ ఎప్పుడూ లేస్తానే ఉంటాయి" అని మాట మధ్యలో ఆగి, నీళ్ళలో మునిగిన హీటరు కడ్డీనే చూశాడు. బుడగలు కడ్డీ చుట్టే ఉన్నాయి. బాన అంచుల దగ్గర నీళ్ళు కదలకుండా ఉన్నాయి. కట్టెల పొయ్యి మీద బుడగ అడుగంతా లేచేది. ఇక్కడ కడ్డీ ఒక్కటే కాలుతోంది, మిగతా నీళ్ళు ఇంకా వేడెక్కే దారిలోనే ఉన్నాయి.

"కరెంటుది సగం తప్పయితే, నాది సగం" అన్నాడు సంజీవప్ప. "బుడగను చూసినా గానీ, యాడ లేస్తాందో చూడలే. కండ్లు తగ్గినట్లే కదా శేఖరా? పంపిచ్చేయ్, బయటికే."

చంద్రశేఖర్ బానలోకీ సంజీవప్ప ముఖంలోకీ చూశాడు. చివరికి, "నూలు తీసుకుపోయే బండి రేపు వచ్చేది పదకొండుకి. పొద్దున్నే, మగ్గాలు ఎయ్యకముందు ఒక్క చిలప ఏసి చూడు. తర్వాత నీ ఇష్టం" అన్నాడు. సంజీవప్ప చేయాల్సిన ఉతుకు ఇంకా ఉందని తొట్టి దగ్గరికి వెళ్ళిపోయాడు.

*

తెల్లవారకముందే మాధవీలత లేచి చూస్తే నాయన పక్క ఖాళీగా ఉంది. టెస్టర్ పట్టుకుని, చెప్పుల్లేకుండానే చంద్రశేఖర్ ఇంటికి పరిగెత్తింది. ఇవాళ ప్యాసింజరు పోతే పోయిందనుకుంది.

పెరట్లో సంజీవప్ప బాన నింపి, హీటరు వేసి, చలికి తువ్వాలు తలకు చుట్టుకుని కూర్చుని ఉన్నాడు. కూతురిని చూసి మాటామంతీ లేకుండా, "ఎంత చూపిస్తాందో చూడు" అన్నాడు.

"రెండు వందల ముప్పై ఒకటి నాయనా."

కాసేపటికి మళ్ళీ, "ఇప్పుడు?"

"అంతే ఉండాది."

మరి కాసేపటికి మళ్ళీ అడిగాడు. ఆమె ఓపికగా మళ్ళీ చెప్పింది. ఎప్పుడూ ఎవరినీ ఏమీ అడగని మనిషి ఇలా అడుగుతుంటే ఆమెకు జాలి వేసింది. కడ్డీ చుట్టూ బుడగలు లేచాయి. సంజీవప్ప కదల్లేదు. అంచుల్లో లేచాయి. అప్పుడూ కదల్లేదు. నీళ్ళ ముఖమంతా సన్నగా వణకడం మొదలయ్యాక లేచి, హీటరు ఆపి, రంగు కలిపి, కర్రకు గుచ్చిన చిలపను దించాడు. దించి మళ్ళీ స్విచ్చి వేసి, కర్రను మాత్రమే పట్టుకుని చిలపను తిప్పడం మొదలుపెట్టాడు. పైది కిందికి, కిందిది పైకి. చేతులకు పని దొరికాక ఇక అంకె ఎంతని అడగలేదు.

చంద్రశేఖర్ నోట్లో బ్రష్షుతోనే వచ్చాడు. బానలోకి చూసి బ్రష్షు తీసేశాడు. నీళ్ళలో ఎరుపు తగ్గుతోంది. గులాబీ రంగయింది, పలచబడింది, అడుగున రాగి మసకగా కనిపించసాగింది.

గోడ అవతల షెడ్డు తలుపులు తెరుచుకున్న చప్పుడైంది. మగ్గాల మేస్త్రి ఏసుదాసు ఎవరినో కేకేస్తున్నాడు.

"అయ్యో, ఏసేస్తారు!" అని చంద్రశేఖర్ లుంగీ ఎగ్గట్టుకుని గోడ దగ్గరికి ఉరికాడు. "ఏమప్పా ఏసుదాసూ! స్విచ్చి ఎయ్యద్దు! ఒక్క రవ్వంత సేపు ఆగప్పా, నీకు పుణ్యముంటాది!"

"ఏమైందన్నా? ఎవరికన్నా షాకు కొట్టిందా?"

"ఎవరికీ ల్యా! ఎరుపు వస్తాండాది!"

ఏసుదాసుకు ఏం అర్థమైందో గానీ ఆగాడు. ఆగడమే కాదు, తన మనుషులను వెంటేసుకుని గోడ మీదినుంచి తొంగి చూడడానికి వచ్చాడు. సంజీవప్ప చిలపను నీళ్ళ నుంచి ఎత్తి, పిండి, అప్పుడే పడుతున్న ఎండలోకి పట్టాడు. కొస నుంచి కొసకు ఒకే ఎరుపు. గోడ మీద నుంచి ఎవరో ఈల వేశారు. సుబ్బమ్మవ్వ మెటికలు విరిచింది. మాధవీలతకు కళ్ళ నిండా నీళ్ళొచ్చాయి.

"అదే! అదే ఎరుపు!" చంద్రశేఖర్ గోడ దగ్గర్నుంచి బాన దగ్గరికి ఉరికొచ్చాడు. "ఇంగ యాడికీ పంపియ్యను సంజీవప్పా. బండి తోలే ఆయప్పకి ఇప్పుడే ఫోన్ చేసి రావద్దంటా. అయిపోయింది, ఎత్తేయ్."

సంజీవప్ప చిలపను వేళ్ళతో విడదీసి, లోపలి పోగులను ఎండకు పెట్టి చూశాడు. ఒక్కసారే చూశాడు.

"కాలే" అన్నాడు.

"ఏం కాలే?"

"లోపల ఇంగా ఆకలి మీద ఉండాది. ఒక మునక తక్కువ."

"నాకు సరిపోయిందప్పా!"

"నీకు సరిపోతే చాల్దు శేఖరా. నీకు కనపడదులే అది" అన్నాడు సంజీవప్ప, వెటకారం లేకుండా, పిల్లవాడికి చెప్పినట్టు. చిలపను మళ్ళీ బానలోకి దించాడు.

చంద్రశేఖర్ గోడ వైపు తిరిగి రెండు చేతులూ ఎత్తాడు. "ఏసుదాసూ, ఇంకొంచెం సేపు!"

షెడ్డు షెడ్డంతా ఆగింది. రోజూ ఈ పాటికి దద్దరిల్లే చోట కర్ర నీళ్ళలో తిరిగే చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. బాన అడుగున రాగి తళతళమనేదాకా తిప్పి, సంజీవప్ప చిలపను ఎత్తి పిండి, కొడవలిలా వంచి దండెం మీద వేశాడు. మాధవీలత దగ్గరికి పోయి చూసింది. చంద్రశేఖర్ ఆమె భుజం మీది నుంచి చూశాడు. ఇందాకటికీ ఇప్పటికీ తేడా ఏమిటో ఇద్దరికీ అంతుపట్టలేదు. ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు గానీ, అడిగే ధైర్యం ఇద్దరికీ లేకపోయింది.

సంజీవప్ప రెండో చిలపను కర్రకు గుచ్చబోయి, ఇక టైము చాలదని పక్కన పెట్టి, తడి చేతులు పంచెకు తుడుచుకున్నాడు.

"శేఖరా, ఇంగ మగ్గాలు ఏసుకోమను పో" అన్నాడు.